క్యాన్సర్ మందు వాడుతున్నారా? కడుపు ఆపరేషన్‌కు ముందు చివరి డోసు తేదీ ఎందుకు చెప్పాలి?

హనుమాన్ జంక్షన్ నుంచి విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ.. నాలుగు వైపులకూ దారులున్నాయి. ఇక్కడి క్యాన్సర్ రోగి కీమో కోసం విజయవాడో, మంగళగిరి ఎయిమ్స్‌కో వెళ్తుంటారు అనుకుందాం. అర్ధరాత్రి భరించలేని కడుపునొప్పి వస్తే మాత్రం 108 వాహనం దగ్గర్లో సర్జన్ ఉన్న ఆసుపత్రికి చేరుస్తుంది. అక్కడి సర్జన్‌కు ఈ రోగి కొత్త. ఆ సమయంలో ఆయనకు తప్పకుండా తెలియాల్సిన విషయం ఒకటుంది. రోగి ఏ మందు వాడుతున్నారు, చివరి డోసు ఎప్పుడు పడింది?

ఏమిటీ మందులు?

క్యాన్సర్ గడ్డ పెరగాలంటే దానికి రక్తం అందాలి. అందుకే అది 'వీఈజీఎఫ్' అనే ప్రొటీన్‌ను విడుదల చేసి చుట్టూ కొత్త రక్తనాళాలు పుట్టేలా చేస్తుంది. ఆ రక్తనాళాలను అడ్డుకుంటే గడ్డను కట్టడి చేయొచ్చని అమెరికా సర్జన్ జూడా ఫోక్‌మన్ 1971లోనే ప్రతిపాదించారు. ఆ దారిలో వచ్చిన బెవాసిజుమాబ్ (అవాస్టిన్) ఇంజక్షన్‌కు 2004లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి దక్కింది. పెద్దపేగు, అండాశయ, ఊపిరితిత్తుల క్యాన్సర్లలో దీన్ని వాడుతున్నారు. హైదరాబాద్ కంపెనీ హెటిరో 2016లో దీని బయోసిమిలర్‌ను మన మార్కెట్‌లోకి తెచ్చింది. సునిటినిబ్, సొరాఫెనిబ్, రెగోరాఫెనిబ్ మాత్రలూ ఇదే కోవలోకి వస్తాయి.

గాయం ఎందుకు మానదు?

ఆపరేషన్ గాయం మానాలన్నా కొత్త రక్తనాళాలు పుట్టాల్సిందే. దానికీ అదే వీఈజీఎఫ్ కావాలి. గడ్డకు రక్తం అందకుండా చేసే మందు, గాయానికీ అందకుండా చేస్తుంది.

పేగు ఆపరేషన్‌లో గాయాలు రెండు. పైన పొట్ట మీది కుట్లు కంటికి కనిపిస్తాయి. లోపల పేగును కోసి కలిపిన అతుకు కనిపించదు. పై కుట్టు విడిపోతే వెంటనే తెలుస్తుంది. లోపలి అతుకు లీకైతే మలం పొట్టలోకి చేరి, ఇన్ఫెక్షన్ రక్తానికి పాకి, ప్రాణం మీదికి వస్తుంది.

పెద్దపేగు క్యాన్సర్ బాగా ముదిరిన రోగులపై జరిపిన ఒక ట్రయల్ వివరాలు ఈ మందు లేబుల్‌పైనే ఉన్నాయి. బెవాసిజుమాబ్ వాడుతూ ఆపరేషన్ చేయించుకున్నవారిలో 15 శాతం మందికి గాయం మానడంలో సమస్యలొచ్చాయి. మందు తీసుకోనివారిలో అది 4 శాతమే. అసలు ఆపరేషనే లేకుండా జీర్ణాశయానికి, పేగుకు రంధ్రం పడే ప్రమాదమూ ఉంది. వేర్వేరు ట్రయల్స్‌లో ఇది 0.3 నుంచి 3 శాతం వరకు కనిపించింది.

28 రోజుల లెక్క ఏమిటి?

బెవాసిజుమాబ్ సగం తగ్గడానికే శరీరంలో సుమారు 20 రోజులు పడుతుంది. 40 రోజులకు కూడా పావు వంతు మిగిలే ఉంటుంది. నిన్న ఆపేశాం కదా అంటే కుదరదు. అందుకే ముందుగా నిర్ణయించిన ఆపరేషన్‌కు కనీసం 28 రోజుల ముందు ఆపాలని లేబుల్ చెబుతోంది. పెద్ద ఆపరేషన్ తర్వాత కూడా 28 రోజులు దాటి, గాయం పూర్తిగా మానాకే మళ్లీ మొదలుపెట్టాలి.

మాత్రలు ఇంకాస్త త్వరగా బయటకు పోతాయి. ఆపరేషన్‌కు ముందు సునిటినిబ్‌ను కనీసం మూడు వారాలు, రెగోరాఫెనిబ్‌ను రెండు వారాలు, సొరాఫెనిబ్‌ను 10 రోజులు ఆపాలి. ఆపడమైనా, మళ్లీ మొదలుపెట్టడమైనా క్యాన్సర్ డాక్టర్ చెప్పాకే. ఆపరేషన్ ఉందని సొంతంగా మానేయొద్దు.

ఎమర్జెన్సీ అయితే?

పేగుకు రంధ్రం పడితే 28 రోజులు ఆగే వీలుండదు, వెంటనే కోయాల్సిందే. చివరి డోసు తేదీ తెలిస్తే సర్జన్ పద్ధతి మార్చుకోగలరు. పేగును అక్కడికక్కడే అతికించకుండా, దాని కొసను పొట్ట బయటకు తెచ్చి సంచి అమర్చొచ్చు. దీన్నే స్టోమా అంటారు. అతుకే లేకపోతే అది లీకయ్యే భయమూ ఉండదు. విషయం తెలియక అతికిస్తే ఆ జాగ్రత్తకు అవకాశం పోతుంది.

మీరేం చేయాలి?

'కీమో ఎక్కిస్తున్నారు' అని చెబితే సరిపోదు. బెవాసిజుమాబ్‌ను తరచూ కీమోతో పాటే, రెండు మూడు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. దాంతో అది వేరే మందని చాలా ఇళ్లలో తెలియదు. అందుకే..

• ప్రతి డోసు తర్వాత మందు పేరు, మోతాదు, తేదీ రాయించుకోండి. ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, ఇంట్లో మరొకరికీ పంపండి.
• డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స జరుగుతుంటే డిశ్చార్జి సమ్మరీ అడిగి తీసుకోండి. ఇబ్బందైతే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి.
• 14 అంకెల ఆభా నంబరు ఉంటే రికార్డులు దానికి జత చేయించుకోండి. అయినా కాగితం వెంట ఉండాల్సిందే. ఆ రాత్రి వెళ్లే ఆసుపత్రిలో ఆ రికార్డు తెరుచుకుంటుందన్న భరోసా లేదు.
• ఉన్నట్టుండి తీవ్రమైన కడుపునొప్పి, పొట్ట గట్టిపడటం, వాంతులు, జ్వరం, కుట్ల నుంచి చీము లేదా ద్రవం.. వీటిలో ఏది కనిపించినా నొప్పి మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూడొద్దు. 108కు ఫోన్ చేయండి.

ఆసుపత్రికి చేరగానే మొదట చూపించాల్సింది ఆ ఫొటోనే. రోగి మాట్లాడలేని స్థితిలో ఉన్నా, చివరి డోసు తేదీ సర్జన్‌కు దాని ద్వారా తెలుస్తుంది.