వెంట వచ్చే నమ్మకం

ఊరు మారినవాళ్ల ఇంట్లో మొదటి నెలంతా ఒక ఫైలు బల్ల మీదే ఉంటుంది. సామాన్లు సర్దడం పూర్తయినా, పిల్లల్ని బడిలో చేర్పించినా అది మాత్రం బీరువాలోకి చేరదు. ఏదో ఒక పనికి రోజూ దాన్ని తిరగేయాల్సి వస్తూనే ఉంటుంది. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, బ్యాంకు కాగితాలు, పాస్‌పోర్టులు, పెళ్లి సర్టిఫికెట్టు అన్నీ అందులోనే.

ఈమధ్య న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి టెక్సస్‌లోని ఫ్రిస్కోకు మారిన ఒక తెలుగు కుటుంబంతో మాట్లాడుతుంటే ఆ ఫైలు మాట వచ్చింది. మిగతా పనులన్నీ ఒక కొలిక్కి వచ్చాక చివరికి మిగిలింది డ్రైవింగ్ లైసెన్సు మార్చుకోవడమట.

అమెరికాలో లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. ఏ రాష్ట్రం ఇచ్చినా దానితో దేశమంతా తిరగొచ్చు. కాపురం మార్చినప్పుడు మాత్రం కొత్త రాష్ట్రం లైసెన్సు తీసుకోవాలి. అందుకు ఒక్కో చోట ఒక్కో గడువు. కాలిఫోర్నియాలో 10 రోజులు, న్యూయార్క్‌లో 30, న్యూజెర్సీలో 60, టెక్సస్‌లో 90. వచ్చినవాడు ఎన్నాళ్లకు ఊరివాడవుతాడన్న దాని మీద తలా ఒక లెక్క వేసుకున్నట్టుంది.

మనసుకు ఈ లెక్కలు పట్టవు. ఆ ఇల్లాలు ఎవరైనా చిరునామా అడిగితే ఇప్పటికీ ముందు ఎడిసన్ జిప్ కోడ్ చెప్పేసి, ఆ తర్వాత నాలుక కరుచుకుంటుందట.

కొత్త ఊళ్లో ఉంటున్నామని నమ్మించాలంటే మన పేరు మీద ఆ ఇంటికి వచ్చే కాగితాలు రెండు కావాలి. ఒకే ఇంట్లో ఉంటున్నా బిల్లులన్నీ భర్త పేరు మీదే వస్తుంటే, భార్య తాను అక్కడే ఉంటున్నానని చెప్పుకోవడానికి కాగితం వెతుక్కోవాలి. అందుకే ముందుగా వచ్చి స్థిరపడ్డవాళ్లు వెనక వచ్చేవాళ్లకు ఈ కిటుకు చెబుతుంటారు. ఇంట్లో దిగిన రోజే పక్క వీధి తెలుగమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, కరెంటు మీ పేరు మీద పెట్టించండి, ఇంటర్నెట్ బావగారి పేరు మీద పెట్టండి. రేపు లైసెన్సుకు వెళ్లినప్పుడు ఇద్దరికీ ఇబ్బంది ఉండదు" అందట. అంతకుముందు ముఖం చూసుకున్నవాళ్లు కూడా కాదు. ఆ ఒక్క ఫోనుతో ఆ ఊళ్లో తనకు ఒక మనిషి ఉన్నట్టనిపించిందని ఆవిడ చెప్పింది.

ఆఫీసులో పని చిన్నదే. ఒక యంత్రానికి నుదురు ఆనించి, లోపల వెలిగే అక్షరాల వరస చదవాలి. వేలిముద్రలు ఇవ్వాలి. ఫొటో దిగాలి. మధ్యలో ఒక ప్రశ్న అడుగుతారు, పోయాక అవయవాలు దానం చేస్తారా అని. చేస్తామంటే కార్డు మీద చిన్న గుండె బొమ్మ వేస్తారు. చిరునామా, ఎత్తు, కళ్ల రంగు అడుగుతూ అడుగుతూ అదే గొంతుతో ఈ మాట అడిగేసరికి ఆవిడ ఒక్క క్షణం ఆగిపోయిందట. భర్త వైపు చూసి, సరేనంది.

ఆఖరున పాత కార్డు తీసుకుంటారు. ఒకేసారి రెండు రాష్ట్రాల లైసెన్సులు ఒక మనిషి దగ్గర ఉండకూడదు. కొత్త కార్డు పోస్టులో వస్తుంది, అప్పటిదాకా ఒక కాగితం చేతికిస్తారు. "ఆ పాత ఫొటో తీసినప్పుడు మా చిన్నవాడు నెలల పిల్లాడండి. కౌంటరు కింద స్ట్రోలర్‌లో నిద్రపోతున్నాడు. వాడెక్కడ లేస్తాడోనని భయం నా కళ్లలో కనిపిస్తూ ఉండేది" అని ఆవిడ నవ్వుతూనే చెప్పింది. ఆ కార్డు ఇచ్చేసే ముందు ఒకసారి ఫోనుతో ఫొటో తీసుకుందట.

ఇదంతా విన్నాక నా మనసులో ఒకటే నిలిచింది. ఇంత తతంగంలోనూ ఆవిణ్ని బండి నడిపి చూపించమని ఎవరూ అడగలేదు. చెల్లుబాటయ్యే లైసెన్సు తెచ్చుకున్న పెద్దవాళ్లకు టెక్సస్‌లో రాత పరీక్షా ఉండదు, డ్రైవింగ్ పరీక్షా ఉండదు. చాలా రాష్ట్రాల్లో దాదాపు ఇదే పద్ధతి.

ఎప్పుడో న్యూజెర్సీలో ఒక అధికారి ఆవిడ పక్క సీట్లో కూర్చున్నాడు. రెండు కార్ల సందున బండి పెట్టించాడు, వెనక్కి నడిపించాడు, స్టాప్ బోర్డు దగ్గర పూర్తిగా ఆపిందో లేదో చూశాడు. నడపగలదని రాసిచ్చాడు. టెక్సస్ ఉద్యోగికి ఆయనెవరో తెలియదు, తెలుసుకునే అవసరమూ లేదు. రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో, ఒక్కసారైనా కలవని మనిషి చెప్పిన మాటను ఈయన కాదనలేదు. కార్డు చేతులు మారే ఆ నిమిషంలో జరిగే అసలు విషయం ఇదేననిపిస్తుంది.

ఈ ఏర్పాటు ఉత్తినే రాలేదు. ఒక డ్రైవరుకు ఒకటే లైసెన్సు, ఒకటే రికార్డు అన్న సూత్రం మీద అక్కడి రాష్ట్రాలు 1960ల నుంచి ఒక్కొక్కటిగా ఒక ఒడంబడికలో చేరుతూ వచ్చాయి. దాంతో మంచితో పాటు చెడూ వెంట వస్తుంది. ఒక రాష్ట్రంలో అతివేగంగా వెళ్లి కట్టిన జరిమానా సంగతి ఇంకో రాష్ట్రానికి తెలుస్తుంది. ఉన్నదున్నట్టు ఒకరికొకరు చెప్పుకుంటారు కాబట్టే ఒకరి మాట ఒకరికి చెల్లుతోంది.

మన ఊళ్లలోనూ వెనక ఇలాంటి ఆనవాయితీ ఒకటి ఉండేది. చదువుకో, కొలువుకో పట్నం వెళ్లే కుర్రాడి చేతిలో ఊరి పెద్ద ఒకాయన ఉత్తరం పెట్టేవాడు. ఈ చిరంజీవి మా ఎరుకలోనివాడు, బుద్ధిమంతుడు, తమరు కాస్త కనిపెట్టి ఉండవలెను అని నాలుగు ముక్కలు. దాన్ని చొక్కా లోపలి జేబులో దాచుకుని బస్సెక్కేవాడు కుర్రాడు. పట్నంలో ఆ ఉత్తరం చదివినాయన కళ్లజోడు తీసి, "భోంచేశావా అబ్బాయ్?" అనేవాడు. అంతే, ఆ పూటకి ఆ ఇల్లు తెలిసిన ఇల్లయిపోయేది. లైసెన్సు కార్డు మీద అంత ఆప్యాయత ఉండదు గానీ, అది చేసే పని అదే. మనం కాలు పెట్టకముందే మన గురించి ఒక మంచి మాట కొత్త చోటికి చేరవేస్తుంది.

అలా చేరవేసేవాళ్లు లేనివాళ్ల సంగతి తలుచుకుంటే మాత్రం మనసు కాస్త బరువెక్కుతుంది.

అదే కాలనీలో కొడుకు దగ్గర ఉండిపోదామని వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు. మన ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యారు. రాత్రి సర్వీసులు, ఘాట్ రోడ్లు, తుపాను రోజులు అన్నీ చూసిన చేతులవి. కొన్ని దేశాల లైసెన్సులను టెక్సస్ ఒప్పుకుంటుంది గానీ మన దేశానికి ఆ ఒప్పందం లేదు. ఆ పెద్దాయన అక్కడ నడపాలంటే మళ్లీ మొదటి మెట్టు నుంచి రావాలి. మన దగ్గర కుర్రాళ్లు ఎల్ఎల్ఆర్ కోసం చదివినట్టు, ఆ వయసులో బొమ్మల పుస్తకం ముందేసుకుని సైగలూ బోర్డులూ చదువుతున్నారు. సాయంత్రాలు కోడలు పక్కన కూర్చుని అర్థం చెబుతుంది. "మామయ్యా, చుట్టుపక్కల ఎవరూ లేకపోయినా సరే, ఈ బోర్డు దగ్గర పూర్తిగా ఆపాలి." "అలాగేనమ్మా, ఆపుదాం."

నియమాన్ని తప్పుపట్టలేం. అక్కడ రోడ్డుకు కుడి పక్కన నడపాలి, బండిలో స్టీరింగ్ ఎడమ వైపు ఉంటుంది, దారుల పద్ధతే వేరు. నేర్చుకోవాల్సింది ఉంది, ఆయనా కాదనడం లేదు. కానీ కొడుకు కారు నడుపుతుంటే ఆయన కూర్చునేది కుడి సీట్లో. ఇన్నేళ్లూ బస్సులో ఆయన కూర్చున్న వైపు అదే. ముందు కారు వెనక ఎర్ర దీపాలు వెలగగానే ఆయన కుడికాలు తనంతట తాను కిందికి నొక్కుతుందట. అక్కడ బ్రేకు ఉండదు. పక్కనుంచి అది గమనించిన కొడుకు ఏమీ అనడు, కాస్త ముందుగానే వేగం తగ్గిస్తాడు.

అదే కాలనీలో వీసా మీద ఉంటున్న ఇంకొకతని లైసెన్సుకూ ఒక హద్దుంది. వీసా ఎన్నాళ్లో లైసెన్సూ అన్నాళ్లే. కార్డు మీద లిమిటెడ్ టర్మ్ అని అచ్చేసి మరీ ఇస్తారు. వీసా పొడిగింపు వచ్చిన ప్రతిసారీ ఫైలు చంకన పెట్టుకుని అదే కౌంటరుకు వెళ్లాలి. ఇల్లు కొనుక్కుని, పెరట్లో కరివేపాకు మొక్క పెంచుకుని, పిల్లలు అక్కడి యాసలోనే మాట్లాడుతున్నా, తన కార్డు మీద ఆ రెండు మాటలు కనిపించినప్పుడల్లా లోపల ఏదో కలుక్కుమంటుందని అంటాడతను. ఫిర్యాదుగా కాదు, మామూలుగా.

రాష్ట్రం మారినప్పుడు లైసెన్సు విషయంలో మన దేశంలో కొంత నయం. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఏ రాష్ట్రంలో తీసుకున్న లైసెన్సయినా దేశమంతా చెల్లుతుంది. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లి స్థిరపడ్డవాళ్లు చిరునామా మార్పించుకుంటే చాలు. గుంటూరు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఎదుట ఒకసారి 'హెచ్' గీత మీద బండి వెనక్కి నడిపి చూపించినవాణ్ని గువాహటిలోనైనా మళ్లీ నడిపి చూపించమని అడగరు.

తెలుగువాళ్లమైతే ఇంకో వింత కూడా చూశాం. మనిషి ఊరు మారకుండానే రాష్ట్రం మారింది. 2014 జూన్ 2న హైదరాబాద్‌లో నిద్ర లేచినవాళ్లు ఉన్న ఇంట్లోనే ఉండి కొత్త రాష్ట్రం వాళ్లయ్యారు. కొత్త బండ్ల మీద ఏపీ పోయి టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ వస్తోంది. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం వెలగపూడికి తరలినప్పుడు ఎన్నో ఉద్యోగుల కుటుంబాలు సామాన్లు కట్టుకుని కృష్ణా తీరానికి వెళ్లాయి. కొందరు హైదరాబాద్‌లోనే పిల్లల్ని ఉంచి వారం వారం రైల్లో తిరిగారు. ఆస్తుల గురించి, నీళ్ల గురించి రెండు రాష్ట్రాల మధ్య ఎన్ని మాటలు నడిచినా, పర్సులో ఉన్న పాత లైసెన్సు మాత్రం అటూ ఇటూ చెల్లుతూనే ఉంది. ఖైరతాబాద్‌లో ఇచ్చిన కార్డు బెజవాడలో, కర్నూలులో ఇచ్చిన కార్డు కరీంనగర్‌లో. విడిపోయినప్పుడు చెక్కుచెదరకుండా మిగిలిన చిన్న చిన్న నమ్మకాల్లో అదొకటి.

మనిషి ఊరు మారేటప్పుడు డ్రైవింగ్ ఒక్కటే వెంట తెచ్చుకోడు కదా. పల్లెలో నలుగురి తగవులు తీర్చిన పెద్దాయన పట్నంలో కొడుకు ఫ్లాటుకు వచ్చాక 402 వాళ్ల నాన్నగారిగా మిగిలిపోతాడు. పాతికేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన టీచరమ్మ ఉద్యోగం మానేసి భర్తతో కొత్త ఊరు వస్తే, చుట్టుపక్కల వాళ్లకు ఆవిడ రోజూ ఒక్కతే నడకకు వెళ్లే మనిషి. పాత బడిలో అందరికంటే ముందు చెయ్యెత్తే పిల్లాడు కొత్త బడిలో నెల రోజులు వెనక బెంచీలో నోరు మెదపడు. టీసీలో మార్కులు రాస్తారు, ప్రవర్తన తృప్తికరం అని రాస్తారు. వాడు బాగా పాడతాడని ఎవరూ రాయరు.

వీళ్లెవరికీ ఏ కౌంటరూ లేదు. పాత చోట సంపాదించుకున్న పేరును కొత్త చోటికి రాసిచ్చే ఆఫీసు ఎక్కడా లేదు. ఆ పని చేయాల్సింది చుట్టూ ఉన్న మనుషులే. పక్క వీధి నుంచి ఫోన్ చేసి కరెంటు ఎవరి పేరు మీద పెట్టాలో చెప్పిన ఆ తెలుగమ్మాయి చేసింది అదే. కొత్తగా వచ్చిన ఆవిడ ఎవరో, ఎలాంటిదో కనుక్కున్నాక సాయం చేద్దామని ఆగలేదు. మనిషేనని నమ్మింది, నమ్మాక పిలిచింది.

మన మెట్ల మీద కొత్త ముఖం కనబడితే సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతాం. ఏ ఊరు, ఎంత అద్దె. వాటితో పాటు, అక్కడ ఉన్నప్పుడు ఏం చేసేవారండీ అని మూడోది కూడా అడిగితే బాగుంటుంది. అడిగి, తీరిగ్గా వినాలి. ఆ పెద్దాయన ఒక రాత్రి తుపానులో బస్సును ఎలా ఒడ్డుకు చేర్చారో చెబుతారు. ఆ టీచరమ్మ మన పిల్లాడికి భిన్నాలు అర్థమయ్యేలా చెబుతుంది. తమకు చేతనైనది ఒకటుందని కొత్త ఊళ్లో ఒక్కరు గుర్తించినా చాలు, ఊరు మారినవాళ్లకు అక్కడ కాలు నిలుస్తుంది.