నడుముకు తుపాకీ, ఎదుట దొంగ

నిరుడు వేసవిలో డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా అక్క కొడుకు ఇంట్లో నెల రోజులున్నాను. ఒక సాయంత్రం పాలూ కొత్తిమీరా తెద్దామని ఇద్దరం ఒక పెద్ద స్టోరుకు వెళ్లాం. మా కళ్ల ముందే ఒక కుర్రాడు నాలుగు బట్టల సబ్బు డబ్బాలు బండిలో వేసుకుని, బిల్లు కౌంటర్ల వైపు తలైనా తిప్పకుండా తలుపు దాటి పరుగెత్తాడు. తలుపు దగ్గరున్న ఉద్యోగిని "సర్, సర్" అని రెండుసార్లు పిలిచి ఊరుకుంది. అందరూ ఆ కుర్రాణ్ణి చూస్తుంటే నా చూపు మా వాడి కుడిచేతి మీద పడింది. అది చొక్కా అంచు కిందికి వెళ్లింది.

అక్కడ పిస్టల్ ఉందని నాకు అప్పుడే తెలిసింది.

వాడు దాన్ని బయటికి తీయలేదు. రెండు మూడు క్షణాల్లో చెయ్యి కిందికి దిగింది. రాత్రి భోజనాలయ్యాక అడిగాను. "నేనేమైనా తీశానా మామయ్యా? చెయ్యి పెట్టానంతే" అన్నాడు. "మరి ఎందుకు పెట్టావురా?" అంటే కాసేపు ఆలోచించి, "ఏమో, దానంతట అదే వెళ్లింది" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. దీని గురించి రాయాలని అప్పుడే అనుకున్నాను.

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, అర్హత ఉన్న పెద్దవాళ్లు లైసెన్సు లేకపోయినా పిస్టల్ వెంట పెట్టుకుని తిరగొచ్చు. ఇప్పుడు అమెరికాలో సగానికి పైగా రాష్ట్రాల్లో ఇదే పద్ధతి. చదువు కోసమో ఉద్యోగం కోసమో తాత్కాలిక వీసాల మీద ఉన్న మన పిల్లలకు మామూలుగా తుపాకీ ఉంచుకునే హక్కే లేదు. గ్రీన్ కార్డు, పౌరసత్వం వచ్చినవాళ్లు మాత్రం కొంటున్నారు. కొనేవాళ్లను నేను తప్పుపట్టను. పెట్రోలు బంకుల్లో, మోటళ్లలో, హోటళ్లలో పనిచేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్న తెలుగు పిల్లల వార్తలు మనం ఎన్ని చదవలేదు! 2018 జులైలో కాన్సస్ సిటీలో ఒక రెస్టారెంట్లో దోపిడీకి వచ్చినవాడి తూటాకు మన వరంగల్ విద్యార్థి చనిపోయాడు. ఆ భయం నిజమైనది.

నా బాధంతా ఆ భయాన్ని తప్పుచోట వాడటం గురించి. మన భాషలో దొంగతనం వేరు, దోపిడీ వేరు. ఎవరినీ ముట్టకుండా ఎత్తుకుపోతే దొంగతనం, కొట్టో బెదిరించో లాక్కుంటే దోపిడీ. అమెరికా చట్టం కూడా ఈ రెంటినీ వేర్వేరు నేరాలుగానే చూస్తుంది. సబ్బు డబ్బాలు పట్టుకుని పరుగెత్తేవాడు దొంగ. వాడి వల్ల ఆ నిమిషంలో ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. టెక్సస్‌లో మామూలుగా దొంగిలించిన సరుకు విలువ 2,500 డాలర్లకు చేరితేనే పెద్ద నేరం. అంతకు లోపైతే జడ్జి వేయగల శిక్ష ఎక్కువలో ఎక్కువ ఏడాది జైలు. జడ్జి ఏడాదికి మించి వేయలేని తప్పుకు, సరుకులకొచ్చిన మనిషి మరణశిక్ష వేస్తానంటే ఎలా?

1974 అక్టోబరులో మెంఫిస్ నగరంలో ఒక ఇంట్లో దొంగలు పడ్డారని పోలీసులకు ఫోనొచ్చింది. వెళ్లిన పోలీసుకు పెరట్లో కంచె ఎక్కుతూ ఒక పిల్లవాడు కనిపించాడు. చేతిలో ఆయుధం లేదని ఆ పోలీసుకు దాదాపు ఖాయంగా తెలుసు. అయినా పారిపోతాడని తల వెనక కాల్చాడు. చనిపోయినవాడి వయసు 15. దొరికింది ఒక పర్సు, 10 డాలర్లు. ఆ తండ్రి దాదాపు పదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాడు. 1985లో సుప్రీంకోర్టు, పారిపోతున్న నిందితుడి వల్ల ప్రాణాపాయం ఉందని నమ్మడానికి గట్టి కారణం లేకపోతే పోలీసు కాల్చకూడదని తేల్చింది. ఆ తీర్పు పోలీసుల గురించే. మామూలు పౌరుల సంగతి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర చట్టం చూసుకుంటుంది. కానీ బ్యాడ్జి, శిక్షణ, జీతం ఉన్నవాడికే లేని అధికారం, కొత్తిమీర కొనడానికొచ్చిన మా వాడికి ఎక్కడినుంచి వస్తుంది?

2015 అక్టోబరులో మిషిగన్ రాష్ట్రం ఆబర్న్ హిల్స్‌లో ఒకరు ఆ అధికారం చేతిలోకి తీసుకున్నారు. ఒక హోమ్ డిపో దుకాణం నుంచి సరుకు దొంగిలించి ఇద్దరు వాహనమెక్కి పారిపోతున్నారు. దుకాణం భద్రతా ఉద్యోగి వెంటపడ్డాడు. పార్కింగ్‌లో ఉన్న ఒక మహిళ, లైసెన్సున్న మనిషే, సాయం చేద్దామని వాహనం మీద కాల్పులు జరిపింది. ఎవరికీ తగల్లేదు, టైరు ఒకటి పోయింది. పగటిపూట, జనం తిరిగే పార్కింగ్‌లో. కోర్టు ఆమెను 18 నెలలు ప్రొబేషన్‌లో పెట్టింది, తుపాకీ లైసెన్సూ పోయింది. ఆమె దురుద్దేశంతో కాల్చిందని నేననుకోను. మంచి చేద్దామనే చేసింది. గురి ఒక జానెడు తప్పి, బండి తోసుకొస్తున్న ఏ తల్లికో తగిలుంటే ఆ మంచితనం ఏ కోర్టులోనూ చెల్లేది కాదు. అదే పని మా వాడు చేసి శిక్షపడితే ఇంకో ముప్పుంది. తుపాకీ నేరాల్లో శిక్షపడిన గ్రీన్ కార్డుదారుణ్ణి దేశం నుంచి పంపించేయొచ్చు. ఇరవై ఏళ్ల కష్టం సబ్బు డబ్బాలకు పోతుంది.

"టెక్సస్‌లో రాత్రిపూట దొంగను కాల్చొచ్చు కదా" అన్నాడు మా వాడు. నిజమే, అక్కడి చట్టంలో అలాంటి వెసులుబాటుంది, దానికీ షరతులున్నాయి. 2007 నవంబరులో హ్యూస్టన్ పక్కన పాసడీనాలో ఒక పెద్దాయన పక్కింట్లో దొంగలు పడ్డారని అత్యవసర నంబరు 911కు ఫోన్ చేశాడు. బయటికి వెళ్లొద్దని, ఆస్తి కోసం మనిషిని కాల్చొద్దని ఆపరేటర్ పదేపదే బతిమాలాడు. ఆయన వెళ్లాడు, ఇద్దర్ని చంపాడు. కేసు పెట్టాలా వద్దా తేల్చే గ్రాండ్ జ్యూరీ ఆయనమీద కేసు వద్దంది. కేసు లేదు కాబట్టి అది సరైన పని అనుకోవడానికి నా మనసు ఒప్పుకోదు. చట్టం వదిలేసిన ప్రతిదీ చేయదగ్గది కాదని మన ఇళ్లలో ఎవరూ పిల్లలకు ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు.

ఇంకో సంగతి ఉంది. మనకు కనిపించేది ఒక దొంగ. వాడి తోడు ఎక్కడున్నాడో మనకు తెలియదు. 2014 జూన్‌లో లాస్ వేగస్‌లో ఇద్దరు పోలీసుల్ని చంపిన ఒక జంట అక్కడి వాల్‌మార్ట్‌లోకి చొరబడింది. తుపాకీ ఉన్న ఒక కొనుగోలుదారుడు ధైర్యంగా ఆ మగమనిషిని ఆపడానికి వెళ్లాడు. వెనక ఉన్న స్త్రీ ఆ హంతకుడి భార్యేనని ఎరగడు. ఆమె తూటాకే పోయాడు. అక్కడికొచ్చే పోలీసుకూ మనమెవరో తెలియదు. 2021 జూన్‌లో కొలరాడోలోని ఆర్వాడలో పోలీసును చంపిన హంతకుణ్ణి అక్కడున్న ఒకాయన కాల్చి ఎందరినో కాపాడాడు. ఆ హంతకుడి రైఫిల్ చేతిలోకి తీసుకున్న ఆ ఒక్క నిమిషంలో వచ్చిన మరో పోలీసు, ఆయన్నే హంతకుడనుకుని కాల్చేశాడు. ఆ ఇద్దరూ వీరులే. హత్యలు జరుగుతున్న చోట అడుగు ముందుకేశారు, వాళ్ల తెగువకు నేను దండం పెడతాను. అంత తెగువను, అంత ప్రమాదాన్ని నాలుగు డబ్బాల మీద ఎందుకు ఖర్చుపెట్టాలి?

నా లెక్కలో దుకాణంలో దొంగతనం చూసినప్పుడు చేతిలో ఏమీ లేనివాడికంటే తుపాకీ ఉన్నవాడికే స్వేచ్ఛ తక్కువ. ఏమీ లేనివాడు "ఏయ్, ఆగు" అని అరవొచ్చు, దారికి అడ్డం నిలబడొచ్చు, మహా అయితే ఒక తోపు తింటాడు. నడుముకు పిస్టల్ ఉన్నవాడు అడ్డంపడితే ఆ తోపులాట మధ్యలో ఒక తుపాకీ ఉన్నట్టే. అది ఎవరి చేతికైనా పోవచ్చు. అందుకని అతను వెనక్కి జరగాలి. మనిషి ఎలా ఉన్నాడో, ఏ బట్టలేసుకున్నాడో, ఏ వాహనమెక్కాడో, నంబరు పలకేమిటో చూసి గుర్తుపెట్టుకోవాలి. 911కు చెప్పాలి. పోలీసులొచ్చినప్పుడు చేతిలో ఫోను తప్ప మరొకటి ఉండకూడదు. కౌంటర్ వెనకున్న పిల్ల మెడ మీద కత్తి పెట్టినప్పుడు, ఎవడో కాల్పులు మొదలుపెట్టి పారిపోవడానికి దారిలేనప్పుడు, అప్పుడు సంగతి వేరు. తుపాకీ కొన్నది ఆ ఘడియ కోసమే.

ఇలా అందరూ చూస్తూ ఊరుకుంటే దొంగలు పెరిగిపోరా అంటారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. అమెరికాలో ఇప్పుడు సబ్బులూ టూత్‌పేస్టులూ కూడా తాళాల వెనక పెడుతున్నారు. కాలిఫోర్నియా ఓటర్లు విసిగిపోయి 2024 నవంబరులో దొంగతనాల శిక్షలు పెంచుతూ భారీ మెజారిటీతో ఓటేశారు. ఆ పని అలాగే జరగాలి, ఓటుతో, పోలీసుతో, కోర్టుతో. చాలా చైన్ స్టోర్లు తమ ఉద్యోగుల్నే దొంగ వెంట పరుగెత్తొద్దంటున్నాయి. సరుకు సొంతదారే వదిలేయమంటుంటే మనకెందుకు?

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ ఆదివారం వీడియో కాల్‌లో తిన్నావా, పడుకున్నావా అని అడిగాక, ఇంట్లో తుపాకీ ఉందా అని కూడా అడగండి. ఉందంటే, దుకాణంలో దొంగ కనిపిస్తే ఏం చేస్తావని అడగండి. మా వాణ్ణి నేను అడిగాను. "చెయ్యి జేబులోకి పోతుంది మామయ్యా, ఫోను కోసం" అన్నాడు.