అడుగుపూత రంగు

రేపల్లె నుండి యొక సోదరి వ్రాసిన యుత్తరము ఈ మాసము నా యెదుట నున్నది. వారి కారు పండ్రెండేండ్ల నాటిది. వెండిరంగు వెలిసి, తలుపుల క్రిందిభాగమున త్రుప్పు పట్టినది. దానికి ఎఱ్ఱరంగు వేయింప దలచినారు. షెడ్డులోని పనివాడు “ప్రైమరు ఏ రంగైన నొకటే, అది పైకి కనబడదు గదా” యన్నాడట. పాలమ్మి కూడబెట్టిన సొమ్ము వెచ్చించునది తానే గనుక, ఆ మాట నిజమగునా యని ఆమె ప్రశ్న. మగవారి విషయమని యూరకుండక అడిగినందులకు నాకు సంతోషము.

ఆ మాట నిజము కాదు. పలుచని యెఱ్ఱచీరను తెల్లలంగాపై కట్టిన నొక రంగు, నల్లలంగాపై కట్టిన మరియొక రంగు కనబడుట మన మెఱిగినదే. కారుపై ఎఱుపును పసుపును ఇట్టి పలుచని చీరలే. సీసము కలిసిన పూర్వపు రంగులు చిక్కగా కప్పెడివి. విషమని వానిని విడిచిన పిమ్మట వచ్చినవి అంతగా కప్పవు. తెల్లని ప్రైమరుపై ఎఱుపు తేలికయై, నిండుదనము వచ్చుటకు పూతలెక్కువ పట్టును. మిక్కిలి నల్లని దానిపై మసకబారును. కావున ప్రైమరు, పైరంగు ఎంత వెలుగో ఎంత చీకటియో ఇంచుమించు అంతే యుండవలెను. ఎఱుపునకు నడిమి బూడిదవర్ణము, పసుపునకును ముత్యపు తెలుపునకును తెల్లనిది, నల్లనికిని ముదురు నీలమునకును ముదురు బూడిద తగును. అన్నిటి కంటె ముఖ్యమైనది, బండి యంతటను ఒకే రంగు ప్రైమరుండుట. త్రుప్పు గీకిన తలుపుపై బూడిద, తక్కిన చోట పాత వెండిరంగు ఉండగా ఎఱుపు వేసినచో, నీడలో బాగుగా నున్నది ఎండలోనికి రాగానే మచ్చగా బయటపడును.

దీనికొక సులభపరీక్ష కలదు. అట్టముక్కపై నలుపు తెలుపు గడులు గీయించి, బండితోపాటు దానిపైనను రంగు చిమ్మించవలెను. గడులు కనబడకుండ పోయినప్పుడే పూత చాలినదని తెలిసికొనవచ్చును.

ఇంతవరకు అందము. ఆయువు సంగతి వేరు. బయలుపడిన యినుముపై మొదట పూయదగినది త్రుప్పు నాపు ఎపాక్సీ ప్రైమరు. దానిపై లప్పము, ఆపై గరుకుతనము నింపు ప్రైమరు, అరగదీత, పిదప రంగు. గేట్లకును కిటికీ చువ్వలకును వేయు రెడ్ ఆక్సైడు చవుక గనుక దానినే పూయుదు మనువారు కలరు. ఎఱుపు క్రింద ఎఱుపేగదా యని మనకును తోచును. కాని అది ఇటుకరంగు, మీది యెఱుపు కాంతిని చంపును. అంతకంటె కీడు, కారురంగులోని తీవ్రమైన థిన్నరు తగిలి ఆ సాధారణపు పూత ఉబ్బి లేచిపోవును.

అడుగు సిద్ధపఱచుటయే సగము పనియని మన పెద్దలు ఎఱుగకపోలేదు. విష్ణుధర్మోత్తరములోని చిత్రసూత్రము, రంగుల మాటకు ముందే ఇటుకపొడి, మన్ను, గుగ్గులు, బెల్లము, మారేడుగుజ్జు కలిపి గోడను మెత్తుట యెట్లో వివరించుచున్నది. కొండపల్లి బొమ్మకును తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల పిండితో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, తెల్లని పూత వేసిన తరువాతనే రంగులు దిద్దుదురు.

మా నందివెలుగుకంటె రేపల్లె ప్రక్క ఉప్పుగాలి యెక్కువ. సోదరి కొక మాట గట్టిగా చెప్పదలచితిని: శ్రావణ భాద్రపదములలో ఈ పని పెట్టుకొనవద్దు. లప్పమును, పైన నింపు ప్రైమరును నీరు పీల్చునవి. అట్లే విడిచి వారములపాటు బండిని వానలో నుంచినచో, చెమ్మ యినుముదాక దిగును. రంగు పడిన నాడు అద్దమువలె నున్నది కొన్ని నెలలకు పొక్కులు తేలును. కావున బండిని రంగు పడిన పిదప చూచుటతో తృప్తిపడక, ప్రైమరు నాడే షెడ్డుకు పోయి చూడవలెను. త్రుప్పు పూర్తిగా గీకినారో, దానిమీదనే లప్పము పూసినారో ఆనాడే తెలియును. “అమ్మగారికి ఇవన్నియు నేల” యని పనివాడు నవ్వవచ్చును, నవ్వనిండు.

ఇంటి ముంగిట చవుకగా గీకించుకొందమను వారికి: పాతరంగు ధూళిలో సీసము ఉండవచ్చును. 2016 నాటి నియమములు సీసమును పదిలక్షలకు 90 పాళ్లకు మించనీయక నిషేధించినది గృహపు, అలంకరణపు రంగులలోనే. బండిరంగులు వానిలో చేరలేదు. ప్రాకులాడు బిడ్డ లున్న వాకిట ఆ పని తగదు. పొడిగా గాక నీటికాగితముతో అరగదీసిన ధూళి యంతగా లేవదు. గట్టిపడు మందు కలిపి చిమ్మునట్టి రంగులలో ఐసోసైయనేటు లుండును. వాని తుంపర ఊపిరికి సోకి ఉబ్బసము తెచ్చును. పని చేయువాని ముక్కునకు చేతిరుమాలు కట్టిన చాలదు, తగిన ముసుగు ఉండవలెను. అతడును ఒక యింటి బిడ్డయే.

వెండినుండి ఎఱుపునకు మారుచున్నారు గనుక, బండి పత్రములో వ్రాసిన రంగును రవాణాకార్యాలయమున మార్పించుకొనుట మఱువకుడు.