దరఖాస్తు గడికి గల గుణములు

నేడు కళాశాల ప్రవేశము మొదలు విద్యార్థివేతనము వరకు అనేక దరఖాస్తులను కంప్యూటరు తెరపైననే నింపవలసి వస్తున్నది. ఆ తెరపై గల ప్రతి గడి వెనుక హెచ్.టి.ఎం.ఎల్. అను సంకేత భాషలో కొన్ని మాటలు వ్రాసి ఉంటాయి. వానిని ఆట్రిబ్యూట్లు అంటారు. నామవాచకమునకు విశేషణము ఎట్టిదో, గడికి ఇవి అట్టివి. వీనిని సాంకేతిక నిపుణులకే వదలివేయరాదని మా అభిప్రాయము.

'రిక్వైర్డ్' అను గుణము గల గడిని ఖాళీగా వదలితే బ్రౌజరు దరఖాస్తును పంపనివ్వదు. పాశ్చాత్య పద్ధతిలో పేరును రెండు ముక్కలు చేసి రెండింటికీ ఈ గుణమును తగిలిస్తే, ఒకే మాట పేరుగా గల విద్యార్థి ఏమి వ్రాయవలెను? ఉన్న పేరునే రెండుమార్లు వ్రాస్తే పదవ తరగతి ధ్రువపత్రముతో అది సరిపడదు గదా!

'ప్యాటర్న్' అనునది ఏ అక్షరాలు చెల్లునో చెబుతుంది. ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే చెల్లునంటే తెలుగు, ఉర్దూ లిపులతోపాటు, షేక్ అను ఇంటిపేరును 'ఎస్‌కె.' అని కుదించినప్పటి చుక్క కూడ నిరాకరింపబడుతుంది.

'మాక్స్‌లెంగ్త్' నిడివికి హద్దు. 'నర్సీపట్నం' కంటికి నాలుగక్షరాలు. యంత్రము గుణింతమును, పొల్లును, సున్నను వేరువేరుగా లెక్కించి పది అంటుంది. ఎనిమిదికి హద్దు పెడితే మన ఊరి పేరే గడిలో పట్టదు.

కట్టడి లేనిచో తప్పులు పెరుగునని కొందరనవచ్చు. సెల్‌ఫోను సంఖ్యకు పది అంకెలు కోరడము న్యాయమే. కాని పేరు సంఖ్య కాదు. 'మాక్స్‌లెంగ్త్' 1995 నాటి ప్రమాణములోనే ఉన్నది. 'రిక్వైర్డ్', 'ప్యాటర్న్' 2014లో ఆమోదము పొందిన ఐదవ హెచ్.టి.ఎం.ఎల్.లో ఉన్నవి. ఇవేవీ మన భాషలకు విరోధులు కావు. పైగా 'డిర్' అను గుణమునకు 'ఆటో' అని విలువనిస్తే, వ్రాసిన లిపిని బట్టి ఉర్దూ కుడినుండియు, తెలుగు ఎడమనుండియు ఒకే గడిలో సాగుతాయి. లోపము సాధనములో లేదు, వాడువాని తలపులో ఉన్నది.

కనుక కళాశాల సంఘము వారికి మా మనవి: మన దరఖాస్తులలో పూర్తి పేరుకు ఒకే గడి ఉంచి, అందు మూడు లిపులనూ చెల్లనివ్వవలెను. విద్యార్థులారా! కంప్యూటరులో ఏ దరఖాస్తు గడిపైనైనా మౌసు కుడి బొత్తాము నొక్కి 'ఇన్‌స్పెక్ట్' ఎంచుకొంటే ఈ మాటలు మీకే కనబడతాయి. చదవండి. రేపు దరఖాస్తులను తయారుచేసేవారు మీలోనుండియే రావలెనని మా ఆకాంక్ష.