తెలివికి ఒక్క మాట చాలదు

కేంద్ర ప్రభుత్వ పాఠశాలల్లో చదివే మనకు ఒక ప్రత్యేకత ఉంది. ఒకే బెంచీ మీద తెలుగు, మలయాళం, ఒడియా, హిందీ మాట్లాడే ఇళ్ళ పిల్లలం కలిసి కూర్చుంటాం. ఇంట్లో ఎవరి భాష వారిదే అయినా, తరగతిలో ఒకరినొకరు మెచ్చుకోవడానికీ వెక్కిరించుకోవడానికీ తరచుగా ఇంగ్లీషు మాటలే వాడుకుంటాం. అందులోనూ తెలివి గురించి చెప్పాల్సి వస్తే మన నోట వచ్చేది ఒకటే మాట: స్మార్ట్. లెక్క త్వరగా చేసినా స్మార్టే, క్విజ్‌లో గెలిచినా స్మార్టే, హోంవర్క్ చేయకుండా తప్పించుకున్నా స్మార్టే!

మన నోటు పుస్తకాలు కూడా అంతే. క్లెవర్, ఇంటెలిజెంట్, బ్రైట్, వైజ్, ష్రూడ్ అని వరుసగా రాసుకుని, అన్నిటికీ ఎదురుగా ‘తెలివైన’ అని అర్థం రాస్తాం. పరీక్షకు అది సరిపోవచ్చు. కాని ఆ మాటలు ఒకదాని చోట మరొకటి పెట్టేవి కావు. వాటి మధ్య తేడా తెలుసుకోవడం మార్కుల కోసమే కాదు, తోటివారిని సరిగా చూడడం కోసం కూడా అవసరమని మా అభిప్రాయం.

ముందు తేడాలు చూద్దాం. ఇంటెలిజెంట్ అనేది గ్రహణశక్తిని చెప్పే మాట. కొత్త విషయాన్ని అర్థం చేసుకుని, మంచిచెడ్డలు విడదీసి ఆలోచించగలవారు ఇంటెలిజెంట్. క్లెవర్ అనడంలో చురుకుదనం, ఉపాయం ఎక్కువ. కుండ అడుగున ఉన్న నీళ్ళను గులకరాళ్ళు వేసి పైకి తెప్పించిన కాకి క్లెవర్. బ్రైట్ అనే మాటను ఎక్కువగా పిల్లల గురించే వాడతారు. ఇంకా పైకి వస్తారన్న ఆశ అందులో ఉంటుంది. తాతగారిని బ్రైట్ అనం, వైజ్ అంటాం. ఆ మాటకు అనుభవం కావాలి, ఏది చేయాలో ఏది చేయకూడదో తెలియాలి. తెలుగులో వివేకం అంటే సరిపోతుంది. కురుసభలో విదురుడు వైజ్. ఇక ష్రూడ్ అంటే ఎదుటివారి మనసునూ లాభనష్టాలనూ ఇట్టే పసిగట్టే లోకజ్ఞానం. సంతలో కూరగాయలు బేరమాడే అమ్మమ్మకు ఆ మాట చక్కగా నప్పుతుంది. మన ‘గడుసు’ దానికి దగ్గరి చుట్టం.

ఈ మాటల పుట్టుక ఇంకా ఆసక్తిగా ఉంటుంది. స్మార్ట్ అనేది పాత ఇంగ్లీషులో నొప్పికి, మంటకు సంబంధించిన మాట. ఇప్పటికీ క్రియగా వాడితే చురుక్కుమని మండడమనే అర్థం. పొగ తగిలిన కళ్ళు ‘స్మార్ట్’ అవుతాయి. చురుక్కుమనడం నుంచి చురుకు దాకా వచ్చిందన్నమాట! బ్రిటన్‌లో చక్కగా దుస్తులు వేసుకున్నవారిని కూడా స్మార్ట్ అంటారు. కన్నింగ్ ఒకప్పుడు జ్ఞానం, నైపుణ్యం అనే మంచి అర్థంలో ఉండేది. ఇప్పుడు ఎక్కువగా మోసాన్నే చెబుతోంది. ష్రూడ్ నడిచిన దారి దీనికి తలకిందులు. దుష్టత్వాన్ని చెప్పే మాటగా మొదలై, చివరికి మెప్పుగా మారింది.

మాటలు ఇలా మంచికీ చెడుకీ మధ్య ఎందుకు తిరుగుతాయో మన పంచతంత్రం చూస్తే తెలుస్తుంది. మిత్రభేదంలో కుందేలు సింహాన్ని బావి దగ్గరకు తీసుకుపోయి, నీళ్ళలో దాని నీడనే చూపించి దూకేలా చేస్తుంది. అదే మిత్రభేదంలో దమనకుడనే నక్క, పింగళకుడనే సింహానికీ సంజీవకుడనే ఎద్దుకూ లేనిపోనివి చెప్పి స్నేహం చెడగొడుతుంది. ఇద్దరూ ఆడింది అబద్ధమే. అయినా కుందేలును క్లెవర్ అంటాం, నక్కను కన్నింగ్ అంటాం. కుందేలు అడవిలోని జంతువుల ప్రాణాలు కాపాడింది. నక్క రాజు దగ్గర తన పలుకుబడి కోసం ఒక అమాయకుడి ప్రాణం తీయించింది. ఎంత తెలివి ఉందన్నది కాదు, అది దేనికి పనికివచ్చిందన్నదే ఇక్కడ తేడా. కాబట్టి ఒకరిని కన్నింగ్ అన్నామంటే వారిని వర్ణించినట్టు కాదు, వారిమీద తీర్పు చెప్పినట్టు. తీర్పు చెప్పేముందు ఆధారం చూడాలి కదా!

ఆధారం చూడకుండా మనం రోజూ చెప్పే తీర్పు ఒకటుంది: ‘ఓవర్ స్మార్ట్’. మన దేశపు ఇంగ్లీషులోనే ఎక్కువగా వినిపించే మాట ఇది. తెలుగులో అతితెలివి అంటాం. నిజంగా గొప్పలకు పోయేవారిని అంటే అనవచ్చు. కాని పాఠంలో లేని ప్రశ్న అడిగినవారిని, ‘ఎందుకలా?’ అన్నవారిని కూడా ఇదే మాటతో కూర్చోబెడుతున్నాం. నలుగురూ ఒకసారి నవ్వితే చాలు, మర్నాడు ఆ చెయ్యి పైకి లేవదు. ఆ ప్రశ్న వల్ల తరగతి మొత్తానికి తెలియాల్సిన సంగతి ఎవరికీ తెలియకుండా పోతుంది. అలా అడిగేవారికి సరిపోయే మాట ఇంగ్లీషులోనే ఉంది, క్యూరియస్. తెలుగులో దాన్ని జిజ్ఞాస అంటారు. చదువుకు మొదటి మెట్టు అదే.

తెలుగు మాటలూ ఈ విషయంలో తక్కువేమీ కాదు. ‘బుద్ధిమంతుడు’ అంటే అక్షరాలా బుద్ధి కలవాడు. వాడుకలో మాత్రం అల్లరి చేయకుండా చెప్పినట్టు వినేవాడు. నోరు మెదపకపోతే బుద్ధిమంతులు, నోరు తెరిస్తే అతితెలివి అయితే ఇక ఆలోచించేవారికి చోటెక్కడ?

మార్కులు ఎక్కువ వస్తే బ్రిలియంట్, తక్కువ వస్తే డల్ అనడం కూడా ఇలాంటిదే. శ్రీనివాస రామానుజన్ కుంభకోణం కళాశాలలో గణితం తప్ప మిగతా సబ్జెక్టుల్లో తప్పి స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నారు. 1918లో ఆయనే లండన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఆ మార్కుల కాగితం చూసి ఆయనకు ఒక్క మాటతో పేరు పెట్టి ఉంటే ఎంత పొరపాటయ్యేది!

ఇప్పుడు ఫోనూ స్మార్టే, తరగతిలో బోర్డూ స్మార్టే. 2015లో మొదలైన స్మార్ట్ సిటీస్ మిషన్‌కు ఎంపికైన 100 నగరాల్లో మన విశాఖపట్నం, కాకినాడ, తిరుపతి, వరంగల్, కరీంనగర్ కూడా ఉన్నాయి. వస్తువులకూ ఊళ్ళకూ ఆ మాట సరిపోతుంటే సరిపోనివ్వండి. కాని వైజ్ ఫోన్ అని ఎవరూ అనరు. వివేకం ఇంకా మనుషుల సొత్తే.

మాట్లాడేటప్పుడు ఇంత ఆలోచిస్తామా, ఏదో ఒక మాట అనేస్తాం అని కొందరు అనవచ్చు. ప్రతి మాటకూ నిఘంటువు తెరవమని మేమూ అనడం లేదు. ‘నువ్వు స్మార్ట్’ అని ఊరుకోకుండా, ఎదుటివారు చేసింది ఏమిటో ఒక్క వాక్యంలో చెబుదాం. ‘ఆ లెక్కకు దగ్గరి దారి భలే పట్టావు’, ‘ఇద్దరి మధ్య గొడవ పెరగకుండా సర్దావు’, ‘మాకెవరికీ తట్టని ప్రశ్న అడిగావు’. ఈ మూడూ తెలివే, కాని మూడు వేరు వేరు తెలివులు. ప్రోగ్రెస్ కార్డులో గుడ్, వీక్ అని రాసే ఉపాధ్యాయులకు కూడా ఇదే మా మనవి. ఎవరిలో ఏ తెలివి ఉందో వారికి పేరు పెట్టి చెబితే, తమకేమీ రాదనుకునే వెనుక బెంచీవారికి తమలో ఏముందో తెలుస్తుంది.