పువ్వుకి లేని పట్టింపు మనకెందుకు?

నెలగంట పెట్టారంటే చాలు, మా పెరడు రంగు మారిపోతుంది. ఊదా డిసెంబరాలు, తెల్ల డిసెంబరాలు, పచ్చ చామంతులు, ముద్దబంతులు. గోడ మీదకి పాకిన గుమ్మడి తీగకి తెల్లారేసరికల్లా పూలు. ఈ మొక్కలన్నీ మా అత్తయ్య పెంచినవే. విత్తనాలు దాచేదీ ఆవిడే, చలికి వణుకుతూ పొద్దున్నే పూలు కోసేదీ ఆవిడే. ముగ్గులో గొబ్బెమ్మల నెత్తిన గుమ్మడి పువ్వు, గుమ్మానికి బంతిపూల తోరణం, దేవుడికి చామంతుల దండ, మా అమ్మాయి జడకి డిసెంబరాల మాల. తడిపిన అరటినారతో ఆవిడ మాల కడుతుంటే అలా చూస్తూ కూర్చోవచ్చు. అంత ఒత్తుగా కట్టినా ఒక్క రేకు నలగదు. అందరికీ పంచేశాక బుట్ట బోర్లించి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోతారు. ఆవిడకి మాత్రం ఒక్క పువ్వూ ఉండదు. మామయ్యగారు పోయి తొమ్మిదేళ్ళయింది.

ఈ తొమ్మిదేళ్ళూ నేను దీన్ని గమనించలేదంటే అబద్ధమే అవుతుంది. గమనించాను, పట్టించుకోలేదు. అందరిళ్ళలోనూ ఉన్నదే కదా అనుకున్నాను. మొన్నటి పండగ రోజుల్లో జరిగిన ఒక సంగతి నన్ను నిలదీసింది.

కొత్త సంవత్సరం నాడు మా అబ్బాయి తన సొంత డబ్బుతో నానమ్మకి బొకే తెచ్చాడు. ఎర్ర గులాబీలు, జెర్బెరాలు, చుట్టూ గలగలలాడే ప్లాస్టిక్ కాగితం, రిబ్బన్. ఆవిడ ఎంత సంబరపడ్డారో! హాల్లో అందరికీ కనబడేలా స్టీలు చెంబులో నీళ్ళు పోసి పెట్టుకున్నారు. చూడ్డానికొచ్చిన ఇరుగుపొరుగు వాళ్ళు కూడా "మనవడిచ్చాడా పిన్నిగారూ, ఎంత బాగున్నాయో!" అని మెచ్చుకున్నారు. ఆవిడ పూలు తీసుకోకూడదని ఒక్కరూ అనలేదు.

రెండు వారాలు తిరిగేసరికి సంక్రాంతి. బొమ్మల కొలువు పెట్టి పేరంటం పిలిచాం. అదే హాలు, దాదాపు అదే మనుషులు. వచ్చిన వాళ్ళందరికీ పసుపు, కుంకుమ, తాంబూలం, మూరెడు పూలు. ఆ పూలన్నీ తెల్లవారుజాము నుంచి కూర్చుని అత్తయ్య కట్టినవే. ఆవిడేమో వంటింట్లో ఉండిపోయారు. పదేళ్ళ మా అమ్మాయి పూల పళ్ళెం పట్టుకుని అందరికీ పంచుతూ పంచుతూ "నానమ్మకి ఇవ్వద్దా?" అంది. గది నిశ్శబ్దమైపోయింది. "తప్పమ్మా" అన్నారెవరో మెల్లిగా. "మొన్న అన్నయ్య ఇస్తే తప్పు కాలేదుగా?" అని అది మళ్ళీ అడిగింది.

మా ఎవరి దగ్గరా జవాబు లేదు. నిజమే మరి! కొని తెచ్చిన జెర్బెరా ఫరవాలేదు, తను నీళ్ళు పోసి పెంచిన డిసెంబరం పనికిరాదా? ప్లాస్టిక్ కాగితంలో చుడితే మర్యాద, అరటినారతో కడితే అపచారమా?

శుభాశుభాలు పువ్వులోనే ఉన్నాయనుకుంటే ఆ పూల కథ కూడా కాస్త తెలుసుకోవాలి. మన గుమ్మాలకి అంత మంగళకరమైన బంతి అసలు మన దేశం పువ్వే కాదు. పుట్టిల్లు మెక్సికో. ఐరోపా వాళ్ళ ఓడలు ఇటు రావడం మొదలయ్యాకే మన నేల మీదకి వచ్చింది. మెక్సికోలో ఏటా నవంబరు మొదట్లో చనిపోయిన వాళ్ళని తలుచుకునే పండగ చేస్తారు. సమాధుల మీద కుప్పలుగా పోసేది ఈ బంతిపూలనే. చామంతి పుట్టిల్లు చైనా. ఫ్రాన్సులో నవంబరు 1న చామంతి కుండీలు పట్టుకుని శ్మశానాలకి వెళతారు. అందుకే అక్కడ ఎవరింటికైనా చామంతులు కానుకగా తీసుకెళ్ళడం మర్యాద కాదంటారు. అదే చామంతి లేకుండా మనకి పెళ్ళి పందిరి లేదు, పూజ లేదు. ఒకచోట శోకానికి పెట్టిన పువ్వు ఇంకోచోట శుభానికి వచ్చింది. పువ్వు మారలేదు, మన ఊహలే మారాయి.

అసలు చామంతి ఈ చలికాలంలోనే ఎందుకు విరగబూస్తుంది? రాత్రులు పొడుగవుతున్నాయని మొక్క పసిగట్టి మొగ్గ తొడుగుతుంది. అంతేగానీ ఆ ఇంటి యజమాని ఉన్నాడా, పోయాడా అని చూసుకుని పూయదు.

ఇలాంటి చలికాలంలోనే, 1881 డిసెంబరు 11న, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. అందుకు వీలిచ్చే చట్టం 1856లోనే వచ్చినా, మన దగ్గర ఒక్క పెళ్ళి జరగడానికి పాతికేళ్ళు పట్టింది. ఆ రాజమండ్రి పక్కనే కడియం, కడియపులంక ఉన్నాయి. నర్సరీలకీ పూల బజారుకీ పేరుపడ్డ ఊళ్ళు. వీరేశలింగం గారి కాలం నుంచి ఇప్పటికి ఎంత దూరం వచ్చాం? భర్త పోయిన అమ్మాయికి మళ్ళీ పెళ్ళంటే ఇవాళ చాలామంది ఒప్పుకుంటున్నాం. పెళ్ళి వద్దనుకుని మనింట్లోనే మనతోనే ఉన్న ఆవిడకి మూరెడు పూలివ్వడానికి మాత్రం చెయ్యి రాదు. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊరి పంచాయతీ, భర్త పోయిన ఆడవాళ్ళ గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం వంటివి మానెయ్యాలని 2022 మేలో తీర్మానం చేసింది. ఒక పల్లెటూరు కూర్చుని మాట్లాడుకోగలిగినప్పుడు మన హాల్లో మనం మాట్లాడుకోలేమా?

"ఆవిడకే ఇష్టం లేదేమో" అంటారు కొందరు. నిజమే, అందుకే ఆ రాత్రి అత్తయ్యనే అడిగాను. "ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడేవిటే అమ్మాయ్, నలుగురూ నవ్వుతారు" అన్నారు. ఇష్టం లేదని మాత్రం అనలేదు. ఆ నలుగురూ ఎవరు? పేరంటానికి వచ్చిన మనమే కదా! చిన్నప్పుడు జడ నిండా పెట్టుకున్న పూలు పెళ్ళితో వచ్చినవి కావు, భర్తతో పోవడానికి. నిజంగానే వద్దనుకునే వాళ్ళని బలవంతపెట్టి వేడుక చూడమని నేననడం లేదు. వద్దనే హక్కు ఆవిడది. కానీ ముందు ఇవ్వాల్సింది మనం. ఇవ్వకుండానే వద్దంటుందని తీర్మానించేస్తే ఎలా?

పైనుంచి దిగొచ్చిన ఫ్యాషనని మనం వెక్కిరించే ఆ బొకేలో ఒక సుగుణం ఉంది. తీసుకునే మనిషికి మొగుడున్నాడా అని అది అడగదు. అందుకే వచ్చే సంక్రాంతి పేరంటానికి నేనొకటి అనుకున్నాను. వచ్చిన ప్రతి ఆడమనిషికీ పెరటి పూలతో చిన్న గుత్తి. ఇదేం బ్రహ్మవిద్య కాదు. పొద్దున్నే చామంతులూ బంతులూ పొడుగాటి కాడలతో కోసి, కింది ఆకులు దూసేసి, కాడ చివర ఏటవాలుగా కత్తిరించి, కాసేపు నీళ్ళలో ఉంచాలి. తర్వాత నాలుగు ఆకుల కొమ్మలు కలిపి అరటినారతో కట్టెయ్యడమే. మురిక్కాలవలో తేలే ప్లాస్టిక్ కాగితం అక్కర్లేదు. రోజూ నీళ్ళు మారుస్తుంటే చామంతులు వారం పైనే ఉంటాయి. డిసెంబరాలు మాత్రం సాయంత్రానికే వాడిపోతాయి, వాటిని మాలలకే ఉంచుకోవాలి. గుత్తితో పాటు మాల కూడా అందరికీ ఇస్తాం. తలలో పెట్టుకుంటారో, దేవుడి పటానికి వేస్తారో, గ్లాసులో పెట్టుకుని చూసుకుంటారో వాళ్ళిష్టం. పళ్ళెం మాత్రం ఎవరినీ తప్పించుకుని పక్కకి పోకూడదు.

పూలు పంచే పని మళ్ళీ మా అమ్మాయిదే. ఈసారి వంటింటి వైపు కూడా వెళ్ళమని చెప్పాను. వద్దంటే నానమ్మే చెబుతుంది, మనం చెప్పక్కర్లేదు అన్నాను.

మరి మీ ఇంట్లోనో?