మెల్‌బోర్న్ కబుర్లు: ఆకాశం కేసి చూసే పెద్దాయన

ఆస్ట్రేలియాలో గురువారం మధ్యాహ్నం నుంచే అందరూ అందర్నీ అడిగే ప్రశ్న ఒకటుంది. "వీకెండ్‌కి ఏంటి ప్లాన్?" లిఫ్ట్‌లో అడుగుతారు, కాఫీ షాపులో అడుగుతారు, ముక్కూ మొహం తెలియని సూపర్ మార్కెట్ క్యాషియర్ కూడా అడుగుతుంది. మన జవాబు దాదాపు ఒకటే: బట్టలు, వంట, ఇంటికి ఫోను, నిద్ర. వాళ్లకి మాత్రం చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. చేపలు పట్టడం, పాత బైకు విప్పి మళ్లీ బిగించడం, ఫుటీ మ్యాచ్... ఏదో ఒకటి.

మన దగ్గర హాబీ అంటే బయోడేటాలో చివరి లైను. "పుస్తకాలు చదవడం, పాటలు వినడం" అని రాసేసి మర్చిపోతాం. ఇక్కడ అలా కాదు. మనిషి ఏం ఉద్యోగం చేస్తాడన్నది ఎంత ముఖ్యమో, ఆదివారం ఏం చేస్తాడన్నదీ అంతే ముఖ్యం. ఆ సంగతి నాకు బాగా అర్థమయ్యేలా చేసింది మా పక్కింటి పెద్దాయన.

వయసు డెబ్బై దాటింది. ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయి నాలుగేళ్లయింది. పేరు పెట్టి పిలవమంటాడు. మనకి నోరు రాదు కదా! మొదట్లో "అంకుల్" అన్నాను. "నేను మీ నాన్నకి తమ్ముణ్ణి ఎప్పుడయ్యాను?" అని పడీ పడీ నవ్వాడు. ఇప్పుడు ఏమీ పిలవకుండా "హలో"తో నెట్టుకొస్తున్నాను. ఈ కాలమ్‌లో మాత్రం పెద్దాయనే.

ఆయన వారం ఒక టైమ్‌టేబుల్. శనివారం గడ్డి కోత, మధ్యాహ్నం ఫుటీ. మంగళవారం సినిమా, ఎందుకంటే ఆ రోజు టికెట్ చవక. బుధవారం రాత్రి లండన్‌లో ఉన్న కూతురితో వీడియో కాల్. ఆదివారం విమానాలు.

కంచె పక్కన ఆదివారం

విమానాలంటే ఎక్కడం కాదండీ, చూడటం. మెల్‌బోర్న్ ఎయిర్‌పోర్టు టలమరీన్ అనే చోట ఉంటుంది. 1970లో మొదలైంది. దానికి ఉత్తరం వైపు సన్‌బరీ రోడ్డు, ఓక్‌లాండ్స్ రోడ్డు దగ్గర విమానాలు చూడటానికి స్థలాలున్నాయి. ఆదివారం వెళ్తే కార్లు వరసగా ఆగి ఉంటాయి. మడత కుర్చీలు, ఫ్లాస్కులు, గొట్టాల్లాంటి లెన్సులు, భుజాల మీద పిల్లలు. చిన్న జాతరే అనుకోండి. దిగే విమానం నెత్తి మీద నుంచి పోతుంటే చక్రాల మీద మరకలు కూడా కనిపిస్తాయి. ఎమిరేట్స్ వారి రెండంతస్తుల ఏ380 వస్తోందంటే మాటలు ఆగిపోతాయి.

అక్కడ పెద్దాయన నాకు నేర్పిన మొదటి పాఠం రన్‌వే నంబరు. ఇక్కడ పొడవైన రన్‌వే పేరు 16/34. అదేదో ఇంటి నంబరు లాంటిది కాదు. 16 అంటే దిక్సూచిలో దాదాపు 160 డిగ్రీలు. అదే రన్‌వేకి రెండో కొస నుంచి చూస్తే 340 డిగ్రీలు, అందుకే 34. ప్రపంచంలో ఏ ఎయిర్‌పోర్టుకెళ్లినా ఒకే రన్‌వే రెండు కొసల నంబర్ల మధ్య తేడా 18 ఉంటుంది. ఇంటికెళ్లాక శంషాబాద్ రన్‌వే నంబర్లు వెతికి చూసుకోండి, లెక్క సరిపోతుంది.

రెండో పాఠం గాలి. విమానం గాలికి ఎదురుగా దిగుతుంది, ఎదురుగా లేస్తుంది. మెల్‌బోర్న్ ఎండాకాలంలో ఉత్తరపు గాలి కొడితే ఎడారి సెగ అంతా మా ఇంట్లోనే ఉంటుంది. ఆ రోజుల్లో విమానాలు దక్షిణం నుంచి వచ్చి, ఉత్తరానికి మొహం పెట్టి దిగుతాయి. సాయంత్రం గాలి మారి సముద్రం వైపు నుంచి చల్లబడిందా, రన్‌వే దిశ కూడా మారిపోతుంది. పెద్దాయన పెరట్లో నిలబడి ఆకాశం చూసి "కిటికీలు తెరుచుకోవచ్చు" అంటాడు. వాతావరణం యాప్ ఎందుకింక?

మూడోది తోక దగ్గర రాతలు. ప్రతి విమానానికీ మన బండి నంబరు లాంటి రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఆస్ట్రేలియావి 'వీహెచ్'తో మొదలవుతాయి, మనవి 'వీటీ'తో. ఢిల్లీ నుంచి వచ్చే ఎయిరిండియా డ్రీమ్‌లైనర్ దిగుతుంటే ఆయన నా వైపు తిరిగి "మీ వాళ్లొచ్చారు" అంటాడు. ఆ మాట వింటే మాత్రం ఎందుకో గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

షెడ్డులో చిన్న రాడార్

ఫోన్‌లో ఫ్లైట్‌రాడార్24 మీలో చాలామంది చూసే ఉంటారు. 2006లో స్వీడన్‌లో ఇద్దరు ఔత్సాహికులు సరదాగా మొదలుపెట్టింది. దాని వెనక కిటుకు ఇది: చాలా విమానాలు తామెక్కడున్నామో, ఎంత ఎత్తులో, ఎంత వేగంతో వెళ్తున్నామో రేడియోలో చెప్పుకుంటూ పోతుంటాయి. దీన్ని ఏడీఎస్-బీ అంటారు, 1090 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. ఆ మాటల్ని పట్టుకునే చిన్న రిసీవర్లు వేలమంది తమ ఇళ్ల మీద పెట్టుకుని సమాచారం పంపుతుంటారు. అలాంటి ఒక యాంటెన్నా మా పెద్దాయన షెడ్డు మీద ఉంది. కింద ఒక చిన్న కంప్యూటర్, రాస్ప్‌బెర్రీ పై. అంతే సరంజామా.

అంటే మీరు హైదరాబాద్‌లో కూర్చుని మెల్‌బోర్న్ మీద కదిలే పసుపు బొమ్మని చూస్తున్నారంటే, అందులో మా పక్కింటి షెడ్డు వాటా కూడా ఉండొచ్చన్నమాట!

సముద్రం మధ్యలో ఇళ్లూ ఉండవు, షెడ్లూ ఉండవు. అక్కడ ఉపగ్రహం ద్వారా తెలియాలి, లేదా యాప్ అంచనా వేసి గీత గీయాలి. ఈ సంగతి మా అమ్మకి నాకంటే ముందే తెలుసు. మెల్‌బోర్న్ నుంచి హైదరాబాద్‌కి నేరుగా విమానం లేదు. సింగపూర్ లాంటి చోట మారాలి. నేను బయల్దేరిన దగ్గర్నుంచి గుంటూరులో అమ్మ ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. దిగి ఫోన్ ఆన్ చేయగానే మెసేజ్: "ఏమ్మా, సముద్రం మీద నీ విమానం గంటసేపు కనపడలేదేంటి? అన్నం తినబుద్ధి కాలేదు." అమ్మకి హాబీలు లేవని అనుకునేదాన్ని.

మంగళవారం సినిమా

పెద్దాయన నాకు చూపించిన మొదటి ఆస్ట్రేలియన్ సినిమా 'ది కాసిల్'. 1997లో వచ్చింది, షూటింగ్ 11 రోజుల్లో ముగించారు. తర్వాత హాలీవుడ్‌కి వెళ్లిన ఎరిక్ బానాకి ఇదే మొదటి సినిమా. కథ ఇక్కడిదే. మెల్‌బోర్న్ ఎయిర్‌పోర్టు గోడ పక్కన, విమానాల మోత కింద ఒక సాదాసీదా కుటుంబం. నాన్నకి ఆ ఇల్లే కోట. ఎయిర్‌పోర్టు విస్తరణకి ఇల్లు ఇచ్చేయాలని ఓ రోజు నోటీసొస్తుంది. ఆయన ఒప్పుకోడు. కేసు హైకోర్టు దాకా పోతుంది. ఇక్కడ హైకోర్టు అంటే మన సుప్రీంకోర్టు లాంటిది, అదే ఆఖరు. ఆస్తి తీసుకుంటే న్యాయమైన షరతుల మీదే తీసుకోవాలని ఆస్ట్రేలియా రాజ్యాంగంలో నిజంగానే ఒక సెక్షన్ ఉంది, 51లో 31వ క్లాజు. సినిమా క్లైమాక్స్ దాని మీదే నడుస్తుంది. భూసేకరణ అన్న మాట వింటూ పెరిగిన మనకి ఈ కథ అర్థం కావడానికి సబ్‌టైటిల్స్ కూడా అక్కర్లేదు.

బదులుగా నేను ఆయన్ని 'ఆర్ఆర్ఆర్'కి తీసుకెళ్లాను. మూడు గంటలు దాటుతుందంటే బెదిరిపోయాడు. వంతెన సీన్‌లో హాలంతా ఈలలు వేస్తుంటే చుట్టూ చూశాడు, తర్వాత తనూ రెండు వేళ్లు నోట్లో పెట్టాడు. బయటికొచ్చాక ఒకటే మాట: "ఆ తాడు లెక్క ఏ ఫిజిక్స్‌లోనూ కుదరదు. మళ్లీ ఎప్పుడెళ్దాం?"

ఇంటి కబురు

విమానాలంటే ఇంత పిచ్చి ఉన్న మనిషి మూడేళ్లుగా దూరప్రయాణం చేయలేదు. కాలి నరాల్లో రక్తం గడ్డకట్టింది, గంటల తరబడి కూర్చునే ప్రయాణాలు వద్దన్నాడు డాక్టరు. పెర్త్ నుంచి లండన్‌కి ఎక్కడా ఆగకుండా వెళ్లే విమానం 2018 మార్చిలో మొదలైంది. దాదాపు 17 గంటలు. అది ఎక్కి కూతురి దగ్గరికి వెళ్లాలని ఆయనకి ఎంత కోరికో! ఇప్పుడు ఆ విమానం కదలికని ఫోన్‌లో చూస్తాడంతే.

మొన్న మే నెలలో కూతురికి పాప పుట్టింది. బుధవారం కాల్స్‌లో చూడటమే తప్ప ఎత్తుకోలేదు. డిసెంబరులో వాళ్లు వస్తున్నారని తెలిసిన రోజు నుంచి ఆయన నడకే మారిపోయింది. వచ్చే రోజు నేనూ వెళ్లాను. ఆయన టెర్మినల్‌కి పోలేదు. ముందు కంచె దగ్గరికి పోనిచ్చాడు. "ఇమిగ్రేషన్, సామాన్లు అయ్యేసరికి ఎలాగూ గంట పడుతుంది. నేల మీద దిగేది చూసి వెళ్దాం" అన్నాడు. కెమెరా మెడలో ఉంది. విమానం నెత్తి మీదకొచ్చింది. ఆయన కెమెరా ఎత్తలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, అంతే.

ఆ సాయంత్రం పెరట్లో పాపని ఎత్తుకుని ఆకాశంలో పోతున్న ఒక్కో విమానాన్నీ చూపిస్తున్నాడు. ఏడు నెలల పిల్ల ఆయన ముక్కు పట్టుకోవడంలో బిజీ.

నాన్న ఇచ్చిన రేడియో

హాబీని తేలిగ్గా తీసుకోవద్దు అనడానికి పెద్దాయన చెప్పే కథ డేవిడ్ వారెన్‌ది. 1934లో బాస్ జలసంధి మీద 'మిస్ హోబార్ట్' అనే విమానం మాయమైంది. అందులో వారెన్ తండ్రి ఉన్నాడు. పిల్లాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. తండ్రి చివరగా ఇచ్చిన కానుక ఒక క్రిస్టల్ రేడియో సెట్టు. దాంతో మొదలైన ఎలక్ట్రానిక్స్ పిచ్చి జీవితాంతం ఉంది.

పెద్దయ్యాక మెల్‌బోర్న్‌లోని ప్రభుత్వ విమాన పరిశోధనశాలలో చేరాడు, అదీ ఇంధనాల రసాయన శాస్త్రవేత్తగా. 1953లో కామెట్ జెట్ విమాన ప్రమాదం మీద చర్చ జరుగుతుంటే ఆయనకి తట్టింది: చివరి నిమిషాల్లో పైలట్లు ఏం మాట్లాడుకున్నారో రికార్డయి ఉంటే? మొదట్లో సొంత దేశంలోనే పెద్దగా పట్టించుకోలేదు. 1958లో ఒక బ్రిటిష్ అధికారి చూసి ఆశ్చర్యపోయాకే కదలిక వచ్చింది. 1960లో క్వీన్స్‌లాండ్‌లోని మకాయ్ దగ్గర విమానం కూలి 29 మంది పోయాక కాక్‌పిట్ మాటల్ని రికార్డు చేయడం ఆస్ట్రేలియా తప్పనిసరి చేసింది. అదే ఇవాళ మనం చెప్పుకునే బ్లాక్ బాక్స్. రంగు మాత్రం నారింజ, శిథిలాల్లో తేలిగ్గా కనపడాలని.

మూడో రన్‌వే

ఇప్పుడు మా వీధిలో చర్చంతా మూడో రన్‌వే గురించే. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం అనుమతిచ్చింది. 2031 నాటికి సిద్ధం కావాలని అంచనా. సిడ్నీలో రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా విమానాలకి కర్ఫ్యూ ఉంది, మెల్‌బోర్న్‌లో లేదు. అందుకే కొత్త దారి కింద ఉండే ఊళ్లవాళ్లకి నిద్ర గురించి బెంగ. నగరం ఉత్తరాన, పడమరన కొత్తగా ఇళ్లు కొనుక్కున్నవాళ్లలో మన తెలుగువాళ్లూ బోలెడుమంది. ఇల్లు కొనేముందు బస్టాపు ఎంత దూరమని అడుగుతాం, స్కూలు అడుగుతాం. పైనుంచి ఏ దారి పోతోందో కూడా అడగాలి. ఎయిర్‌పోర్టు వాళ్ల మ్యాపుల్లో అది ఉంటుంది.

పెద్దాయన సంబరపడతాడనుకున్నాను. తల అడ్డంగా ఊపాడు. "చూడాలనుకున్నప్పుడు నేను కంచె దగ్గరికెళ్తా. వాళ్లు పడుకున్నప్పుడు అది వాళ్ల మీదకి రాకూడదు కదా" అన్నాడు. విమానాలంటే ప్రాణం పెట్టే మనిషి నోటి నుంచి వచ్చిన మాట కాబట్టి రాసుకున్నాను.

మీకూ సరదా పుడితే ఒక చిన్న జాగ్రత్త. మన దగ్గర కొన్ని ఎయిర్‌పోర్టులు రక్షణ శాఖ చేతిలో ఉన్నాయి. విశాఖలోని ఐఎన్ఎస్ డేగ నౌకాదళం వారిదే. అలాంటి చోట్ల ఫొటోలు తీయకూడదు. యాప్‌లో చూడటానికి మాత్రం ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. మేడ మీదకెళ్లి, పైన పోతున్న విమానం ఎక్కణ్ణుంచి ఎక్కడికెళ్తోందో ఇంట్లో పెద్దవాళ్లకి చూపించండి. మనవడో, కూతురో దూరదేశంలో ఉన్న ఇల్లయితే ఫోన్ మళ్లీ మీ చేతికి రావడానికి కాస్త టైమ్ పడుతుంది. తొందర పెట్టకండి.